అడ్డం, నిలువు, అమ్మమ్మ

మా మావయ్య న్యూజెర్సీలో ఉంటాడు. అమ్మమ్మ మీద బెంగ పుట్టినప్పుడల్లా ఆయన రెండు పనులు చేస్తాడు. ఒకటి, ఆన్‌లైన్లో ఏదో ఒకటి కొని పంపడం. రెండు, ఆరోగ్యం మీద వచ్చిన ఫార్వర్డొకటి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పడెయ్యడం. 2023 నవంబరులో ఈ రెండూ ఒకే రోజు జరిగాయి. రోజూ ఇరవై నిమిషాలు పదాల ఆటలు ఆడితే ముసలితనంలో మతిమరుపు దరి చేరదని ఒక ఫార్వర్డు. దాని వెనకే, మెదడుకి కసరత్తు చేయిస్తామనే ఒక యాప్‌కి ఏడాది చందా, అమ్మమ్మ పేరు మీద.

యాప్ అంతా ఇంగ్లీషు. మా అమ్మమ్మ చదివింది ఎనిమిదో తరగతి, అదీ తెనాలిలో, తెలుగు మీడియంలో. రెండు రోజులు ఆ రంగురంగుల బుడగల కేసి చూసి, "ఇది ఎవరో చిన్నపిల్లలది, పొరపాటున మనకి పంపించినట్టున్నాడు. వాపసు ఇచ్చెయ్యమని చెప్పు" అంది.

అప్పుడు నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు (వాడు ఆఫీసులో తప్ప అన్నిచోట్లా లేస్తాడు). చందాలూ వద్దు, బుడగలూ వద్దు, తెలుగులో గళ్ళనుడికట్టు నేనే రాసిస్తాను, అమ్మమ్మ ఫోన్లో ఆడుకుంటుంది అన్నాను. రెండు శనివారాల పని అనుకున్నాను.

గళ్ళనుడికట్టే ఎందుకంటే, మా అమ్మమ్మా తాతయ్యా నలభై ఏళ్ళ పైగా ఆదివారం పొద్దున్న చేసిన పని అదే. తాతయ్య రైల్వేలో గూడ్సు గార్డు. ఖరగ్‌పూర్లో పన్నెండేళ్ళు చేశాడు. అక్కడ తెలుగువాళ్ళు బాగానే ఉంటారు కాబట్టి పత్రికలు దొరికేవట, కాకపోతే రెండు మూడు రోజులు ఆలస్యంగా. తర్వాత తెనాలి వచ్చేశాక ఆదివారం పేపరుతో వచ్చే పుస్తకం. వరండాలో పడక కుర్చీలో తాతయ్య, చెవిలో పెన్సిలు. వంటింట్లో కత్తిపీట ముందు అమ్మమ్మ. మధ్యలో ఒక కిటికీ. తాతయ్య ఆధారం చదివేవాడు, అమ్మమ్మ జవాబు చెప్పేది, తాతయ్య రాసేవాడు. "అడ్డం మూడు. ఎటు నుంచి చూసినా యాక్షనే!" "ఎన్నక్షరాలు?" "మూడు!" "నటన." "నిలువు ఐదు. తెనాలి వాడికి అమ్మవారిచ్చిన బిరుదు, తిప్పి చదివినా మారదు!" దీనికి మాత్రం ఎన్నక్షరాలో అడిగేది కాదు. వికటకవి తెలియకపోతే తెనాలి నుంచి వెలేస్తారు మరి.

తాతయ్య చదువుతుంటే వీధి చివర కిళ్ళీకొట్టు వాడికి కూడా వినపడేది. గార్డు గొంతు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

అన్నట్టు ఈ గళ్ళ పిచ్చి తక్కువదేమీ కాదు. 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ అనే ఆయన 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో మొదటిది అచ్చేశాడంటారు. మన దగ్గర శ్రీశ్రీ, ఆరుద్ర అంతటి వాళ్ళు కూర్చుని పత్రికలకి గళ్ళు కట్టారు. అయినా మనకి మాటలతో ఆడుకోవడం గళ్ళు వచ్చాక మొదలైంది కాదు కదా. నా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో తెనాలిలో కరెంటు పోతే, అమ్మమ్మ మా పిల్లలందరినీ డాబా మీద కూర్చోబెట్టి ఒక ఆట ఆడించేది. అవధానాల్లో నిషిద్ధాక్షరి ఉంటుంది చూడండి, పృచ్ఛకుడు ఏ అక్షరం వాడకూడదో చెప్తుంటే అవధాని దాన్ని తప్పించుకుంటూ పద్యం చెప్పాలి. దానికి మా అమ్మమ్మ చేసిన పిల్లల ఎడిషన్ అన్నమాట. ఈ పూటకి 'క' వద్దు అనేది. ఇంక ఎవరేం మాట్లాడినా 'క' రాకూడదు. వస్తే కిందకెళ్ళి మంచినీళ్ళు మోసుకు రావాలి. అక్కని అక్క అనకూడదు, కథ అడక్కూడదు, కాకిని చూపించకూడదు. గంటసేపు మహా జాగ్రత్తగా మాట్లాడేవాళ్ళం. ఇంతలో వీధి దీపం వెలిగేది. ఆరుగురం ఒకేసారి లేచి "కరెంటొచ్చిందీ!" అని అరిచేవాళ్ళం. అమ్మమ్మ ఒక్కతే తాపీగా "దీపం వచ్చింది" అనేది. ఆరుగురం నీళ్ళు మోసేవాళ్ళం.

అలాంటి మనిషి 2021లో తాతయ్య పోయాక గళ్ళు మానేసింది. తెనాలి ఇంటికి తాళం వేసి విజయవాడలో మా అమ్మ దగ్గరకి వచ్చేసింది. ఆదివారం పుస్తకం వస్తే బొమ్మలు చూసి పక్కన పెట్టేసేది. మాటలు తగ్గిపోయాయి. ఇంటికెవరన్నా వస్తే పది నిమిషాలు నవ్వుతూ కూర్చుని లోపలికి వెళ్ళిపోయేది. చెప్పిందే మళ్ళీ చెప్పేది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయింది రెండుసార్లు. ఒకరోజు మా అమ్మ "చీటీ ఎక్కడ పెట్టావమ్మా?" అని అడిగితే "టీ ఇందాకే తాగానుగా" అంది. అమ్మా నాన్నా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. టీవీ మాత్రం వీధిలోకి వినపడేలా పెట్టుకునేది. మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మాకు కాలేదు.

ఇంట్లో అందరం ఒక మాట అనుకోకుండా అనుకున్నాం. మెదడు మొద్దుబారుతోంది, పని పెట్టాలి అని. మావయ్య చందా, నా యాప్, అన్నీ ఆ భయంలోంచి వచ్చినవే.

యాప్ సంగతికొస్తే, మొదటి రోజే బోల్తా పడ్డాను. మన ప్రోగ్రామింగ్ భాషలకి తెలుగు అక్షరం అంటే ఏమిటో తెలియదు. 'క్షేత్రం' అనే మాటని కంప్యూటరుకి ఇచ్చి ఎన్ని అక్షరాలని అడగండి, ఎనిమిది అంటుంది. క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్నా. అమ్మమ్మని అడిగితే రెండు అంటుంది. అమ్మమ్మే కరెక్టు. ఒత్తున్న అక్షరాన్ని ముక్కలు చెయ్యకుండా ఒకటిగా చూడాలన్న నియమం తెలుగుకి యూనికోడ్‌లో 15.1 వెర్షన్‌తో, అంటే 2023 సెప్టెంబరులో గానీ రాలేదు. నేను వాడిన లైబ్రరీకి ఆ కబురు అప్పటికింకా అందలేదు. నా మొదటి గళ్ళు చూసి అమ్మమ్మ అడిగిన ప్రశ్న: "ఈ గడిలో 'ష' ఒక్కటీ ఏం చేస్తోందిరా? తప్పిపోయిందా?"

ఏం చెయ్యాలో తోచక మొదటి వారం ఒత్తుల్లేని మాటలతో నెట్టుకొచ్చాను. జలజ, నటన, కమలం, వికటకవి, అటకలు, ముగింపు, ఇలాంటివి. రెండో వారానికి అక్షరాలు విడగొట్టే కోడు నేనే రాసుకున్నాను. చాలా ముచ్చటగా వచ్చింది. ఆ ముచ్చట్లో ఇంక ఒత్తులే ఒత్తులు. ద్రాక్ష, క్షేత్రం, అగస్త్యుడు, ఇక్ష్వాకు. కొత్తగా బండి నేర్చుకున్నవాడు సందుల్లోకే తిప్పుతాడు చూడండి, అలా.

ఇంకో పని కూడా చేశాను. అమ్మమ్మకి చెప్పకుండా, గళ్ళు తెరిచిన దగ్గర్నుంచి పూర్తయ్యేదాకా ఎంత టైము పట్టిందో లాగ్ రాసుకున్నాను. తెర మూల చిన్న గడియారం కూడా పెట్టాను, ఉత్సాహంగా ఉంటుందని. ఆఫీసులో చేసేది అదేగా. ఏదన్నా సర్వీసు పైకి పంపామంటే పక్కనే ఒక గ్రాఫు ఉండాలి. లేకపోతే నిద్ర పట్టదు.

మొదటి వారం సగటు పద్దెనిమిది నిమిషాలు. రెండో వారం ఇరవై ఆరు. మూడో వారం ముప్ఫై నాలుగు.

రాత్రి పదకొండింటికి ఆ గ్రాఫు చూశాను. సర్వరు లేటెన్సీ అలా పైకి పోతుంటే ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఇక్కడ ఏం చెయ్యాలో తెలియలేదు. మూడు వారాల్లో దాదాపు రెట్టింపు. చెయ్యకూడని పనే చేశాను, గ్రాఫు ఫోటో తీసి అమ్మకి పంపించాను. ఆ రాత్రి అమ్మ పడుకోలేదని నాన్న తర్వాత చెప్పారు.

నేనూ పడుకోలేదు. తెల్లారే దాకా పేపర్లు చదివాను. పదాల ఆటలు నిజంగా ఏం చేస్తాయో అప్పుడు కదా చదవడం, కోడు రాసేశాక! తెలిసింది చెప్తాను, ఎందుకంటే మీ ఇంటి గ్రూపులో కూడా ఆ ఫార్వర్డు వచ్చే ఉంటుంది.

ఆ ఫార్వర్డులకి మూలం చాలావరకు న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో జరిగిన అధ్యయనం. 75 దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి చూసి 2003లో ఫలితాలు వేశారు. చదవడం, బోర్డు మీద ఆడే ఆటలు, సంగీత వాయిద్యం, డాన్సు ఉన్నవాళ్ళలో డిమెన్షియా తక్కువ కనపడింది. అదే అధ్యయనంలో తర్వాత డిమెన్షియా వచ్చినవాళ్ళని మాత్రం తీసుకుని 2011లో ఇంకో లెక్క వేశారు. గళ్ళనుడికట్లు చేసే అలవాటున్న వాళ్ళకి జ్ఞాపకం వేగంగా జారడం రెండున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. ఇక్కడిదాకా ఫార్వర్డు కరెక్టే. కాకపోతే జారడం మొదలయ్యాక ఇంకా వేగంగా జారారని కూడా అందులోనే ఉంది. ఆ వాక్యం ఫార్వర్డుల్లో రాదు.

ఇంకో తిరకాసు. గళ్ళు చెయ్యడం వల్ల బుర్ర బాగుందా, బుర్ర బాగుంది కాబట్టి గళ్ళు చేస్తున్నారా? స్కాట్లండులో 1936లో పుట్టిన 498 మందికి చిన్నప్పుడు స్కూల్లో పెట్టిన తెలివితేటల పరీక్ష మార్కులు ఇంకా ఉన్నాయి. వాళ్ళని ముసలితనంలో మళ్ళీ పరీక్షించి 2018లో రాశారు. జీవితమంతా బుర్రకి పని పెట్టినవాళ్ళు పై మెట్టు మీద నుంచి దిగడం మొదలుపెట్టారు. దిగే వేగం మాత్రం తగ్గలేదు.

మరి మావయ్య కొన్న బుడగల ఆటలు? అలాంటి వాటిలో పేరున్న లూమోసిటీ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కేసు వేసింది, మతిమరుపుని ఆపుతామని ఆధారం లేకుండా ప్రచారం చేశారని. 2016లో 20 లక్షల డాలర్లు కట్టి సర్దుకున్నారు. అమెరికాలోనే జ్ఞాపకశక్తి కొంచెం తగ్గిన 107 మందికి సగం మందికి గళ్ళనుడికట్లు, సగం మందికి కంప్యూటరు ఆటలు ఇచ్చి 78 వారాలు చూస్తే, 2022లో వచ్చిన ఫలితంలో గెలిచింది గళ్ళనుడికట్టే. చిన్న తేడాతోనే లెండి. అయినా పాతకాలపు గళ్ళ ముందు మా వృత్తి వాళ్ళ ఆటలు ఓడిపోయాయంటే, ఎందుకో తెలియదు, నాకు భలే సంతోషం వేసింది.

ఇవన్నీ ఒక ఎత్తు. మన హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం చేసిన పని ఒక ఎత్తు. డిమెన్షియా వచ్చిన 648 మందిని చూసి 2013లో రాశారు. రెండు భాషలో అంతకన్నా ఎక్కువో మాట్లాడేవాళ్ళకి, ఒకే భాష వాళ్ళ కన్నా నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చింది. బడికి వెళ్ళని వాళ్ళలో కూడా ఆ తేడా ఉంది. మా అమ్మమ్మ ఖరగ్‌పూర్లో కూరగాయలు బెంగాలీలో బేరమాడింది, పక్క క్వార్టర్సు వాళ్ళతో హిందీలో పోట్లాడింది. ఆ మార్కెట్టు చేసిన మేలు ముందు నా యాప్ ఏ మూలకి?

ఇదంతా చదివినా గ్రాఫు గ్రాఫే కదా. అది పైకే పోతోంది.

తర్వాతి ఆదివారం వీడియో కాల్లో మావయ్య నోరు జారాడు. "అమ్మా, నీ టైము పడిపోతోందటగా, రోజూ ప్రాక్టీసు చెయ్యాలి మరి" అన్నాడు. మామూలుగా అతను అరుస్తున్నట్టే మాట్లాడతాడు కాబట్టి ఇది మాత్రం ఆవిడకి పూర్తిగా వినపడింది. అమ్మమ్మ ఏమీ అనలేదు. కాల్ అయ్యాక ఫోను తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, "పరీక్ష పెట్టేవాడు పరీక్షని చెప్పి పెట్టాలి" అందట. మళ్ళీ ఆ ఫోను ముట్టుకోలేదు. ఆదివారం పుస్తకం కూడా అసలు తెరవడం మానేసింది.

నా ఉద్యోగంలో చాలా బగ్గులు రాశాను. అన్నీ వెనక్కి తీసుకోగలిగినవే.

2024 సంక్రాంతికి ఇంటికెళ్ళాను. పండగ మర్నాటి మర్నాడు విజయవాడలోనే ఒక న్యూరాలజీ డాక్టరు దగ్గరకి అమ్మమ్మని తీసుకెళ్ళాం. అమ్మ చేతిలో నా గ్రాఫు ప్రింటవుటు. డాక్టరు గారు మెల్లగా మాట్లాడే మనిషి. మూతికి మాస్కు.

"పెద్దమ్మగారూ, ఇవాళ ఏ వారం?" అన్నారు.

"ఆహారం ఏముందండీ, పొద్దున్న రెండు ఇడ్లీలు" అంది అమ్మమ్మ.

అమ్మ తల దించుకుంది. డాక్టరు మాత్రం ఒక్క క్షణం అమ్మమ్మ మొహంలోకి చూసి, ప్యాడ్ తీసి పెద్ద పెద్ద అక్షరాలతో అదే ప్రశ్న రాసి చూపించారు. అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని చదివి, "బుధవారం. ముక్కనుమ. పండగ పూట ఆసుపత్రేమిటే అంటే మా అమ్మాయి వినలేదు" అంది.

తర్వాత ప్రశ్నలన్నీ కాగితం మీదే జరిగాయి. నెలలు వెనక నుంచి చెప్పమన్నారు, చెప్పింది. గడియారం బొమ్మ గియ్యమన్నారు, గీసింది. మూడు మాటలు చెప్పి కాసేపయ్యాక అడిగితే రెండు చెప్పగలిగింది, మూడోది రాలేదు. అక్కణ్ణుంచి చెవి పరీక్షకి పంపించారు. ఆ గ్రాఫు ఎడమ నుంచి కుడికి మెట్ల బావిలా కిందకి దిగిపోయి ఉంది. వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నటి శబ్దాలని మింగేస్తుందట. అచ్చులు కాస్త బరువుగా ఉంటాయి కాబట్టి వినపడతాయి. స, త, చ, ప లాంటి హల్లులు పోతాయి. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. మనమేమో 'అమ్మమ్మకి వినపడుతుందిలే, పిలిస్తే పలుకుతుందిగా' అనుకుంటాం. వచ్చిన ముక్కల్ని అతికించుకుని జవాబు ఊహించుకోవాలి. చీటీలో 'చీ' పోతే మిగిలేది టీ.

అంటే మూడేళ్ళుగా మా ఇంట్లో అమ్మమ్మ రోజంతా చేస్తున్నది గళ్ళనుడికట్టే. సగం అక్షరాలు లేని గళ్ళు. పూర్తి చెయ్యలేకపోతే మేం మార్కులు తీసేస్తున్నాం.

మరి ఇది ఎప్పుడు మొదలైంది అంటే ఎవరికీ తెలియదు. తాతయ్య ఉన్నన్నాళ్ళూ తెలిసే వీలే లేదు. ఆయన గొంతుకి చెవిటి మిషనుతో పని లేదు.

డాక్టరు గారు గ్రాఫు ప్రింటవుటు చూసి, "ఇది ఎవరు తయారు చేశారు?" అని అడిగారు. నేనే అన్నాను. "చెవులు చూపించుకున్నాక ఇలాంటివి చెయ్యాలి" అన్నారు. అంతే అన్నారు. జ్ఞాపకశక్తి కొంచెం తగ్గిన మాట నిజమే, వయసుదో ఇంకోటో ఇప్పుడే చెప్పలేం, ఏడాదికోసారి చూద్దాం అని రాశారు.

హైదరాబాదు వచ్చే బస్సులో లాప్‌టాప్ తెరిచి లాగులు మళ్ళీ తీశాను. నేను చూసింది మొత్తం టైము ఒక్కటే. ప్రతి కీ నొక్కిన టైము కూడా లాగులో ఉంది, చూడటానికి బద్ధకించాను. ఆధారం మీద వేలు పెట్టిన దగ్గర్నుంచి మొదటి అక్షరం కొట్టేదాకా, అంటే ఆలోచించే టైము, మూడు వారాల్లో ఏమీ మారలేదు. మారింది కొట్టే టైము. 'ఇక్ష్వాకు'లో రెండో గడి నింపాలంటే క, పొల్లు, ష, పొల్లు, వ, దీర్ఘం, ఆరు నొక్కులు. ఎండిపోయిన వేళ్ళకి ఫోను తెర పలకదు. నొక్కడం, చెరపడం, నొక్కడం, చెరపడం. ఒక్కో ఒత్తుకి నిమిషం పైన. ఒత్తుల్ని ఏ వారం ఎక్కువ పెట్టానో ఆ వారమే గ్రాఫు లేచింది. నేను మూడు వారాలు కొలిచింది అమ్మమ్మ బుర్రని కాదు, నా కీబోర్డుని.

ఇలాంటి తప్పు ఆఫీసులో ఎవరన్నా చేస్తే రివ్యూలో నేనే అందరికన్నా ముందు నవ్వుతాను.

లాన్సెట్ పత్రిక వాళ్ళ సంఘం 2024లో ఒక జాబితా ఇచ్చింది, మన చేతిలో ఉండి డిమెన్షియాకి దారి తీసే కారణాలు 14 అని. బీపీ, షుగరు, పొగ, ఒంటరితనం, చూపు తగ్గడం, ఇలా. వినికిడి తగ్గడం అందులో పెద్ద వాటిల్లో ఒకటి. పదాల ఆటలు ఆడకపోవడం అనేది ఆ జాబితాలో లేదు. చెవిటి మిషను పెడితే సర్వం సర్దుకుంటుందని కూడా కాదు. 977 మందితో చేసి 2023లో వేసిన పరీక్షలో మొత్తం మీద తేడా రాలేదు, ముప్పు ఎక్కువున్న వాళ్ళలో మాత్రం జారడం సగానికి సగం తగ్గింది. కానీ నాకు అనిపించేది ఏమిటంటే, పదాల ఆట ఆడాలంటే ముందు పదం చెవిన పడాలి, కంటికి ఆనాలి. ఇంట్లో పెద్దవాళ్ళకి ఆటల యాప్ పెట్టాలనుకునేవాళ్ళు ఆ డబ్బుతో ముందు చెవులూ కళ్ళూ చూపిస్తే, ఆ తర్వాత వాళ్ళే ఆడతారు. గడియారం మాత్రం పెట్టకండి. సాయం కోసం పెట్టారో పరీక్ష కోసం పెట్టారో వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

మిషను వచ్చింది. మొదటి నెల నరకం. కుక్కరు విజిలు చెవిలోనే వేస్తోందనీ, పక్కింటి వాళ్ళ గిన్నెలు నెత్తి మీద తోముతున్నారనీ తీసి అవతల పడేసేది. "ఇన్ని శబ్దాల మధ్య ఎలా బతుకుతున్నారే మీరు" అని అమ్మని అడిగిందట. మెల్లగా అలవాటైంది. ఇప్పుడు రెండూ పెట్టుకుంటుంది, నచ్చని చుట్టాలొస్తే తీసేస్తుంది.

నా మీద కోపం మాత్రం మిషనుతో పోలేదు. ఫోన్ చేసి "సారీ అమ్మమ్మా, కీబోర్డు తప్పది, నీది కాదు" అని లాగుల సంగతి మొత్తం చెప్పాను. విన్నది. "సరేలే" అంది. ఇంకేం అనలేదు. మా అమ్మమ్మ భాషలో 'సరేలే' అంటే సరే కాదు.

ఉగాది దాటాక ఒక ఆదివారం నేను విజయవాడలో ఉన్నాను. పేపరుతో పుస్తకం వచ్చింది. ఊరికే తీసి, వరండాలో కూర్చుని, చెవిలో పెన్సిలు పెట్టుకుని, గట్టిగా చదివాను. "అడ్డం ఒకటి. తిరగబడ్డ కవిత!"

వంటింట్లోంచి చాలాసేపు ఏమీ రాలేదు. నేను రెండోది చదవబోతుంటే "తవిక" అని వినపడింది. "అంత అరవక్కర్లేదు, నాకు వినపడుతోంది" అని కూడా వినపడింది.

అప్పట్నుంచి ఆదివారం పది గంటలకి వీడియో కాల్. నేను హైదరాబాదులో అదే పేపరు ముందేసుకుని చదువుతాను, మూతి కనపడేలా కూర్చుంటాను. ఆవిడ చెప్తుంది, నేను రాస్తాను. యాప్ తీసేశాను. కొన్ని వారాలు గళ్ళన్నీ నిండుతాయి, కొన్ని వారాలు సగమే. ఒక్కోసారి మూడు ఆధారాలు చదివేసరికి తెనాలి కబుర్లలోకి వెళ్ళిపోతుంది, ఒక్కో కబురు పోయిన వారం చెప్పిందే. నేను మొదటిసారి విన్నట్టు వింటాను. ఏడాదికోసారి డాక్టరు దగ్గరకి వెళ్తున్నాం. మూడు మాటల్లో ఒకసారి రెండు చెప్తుంది, పోయినసారి ఒకటే చెప్పింది.

పోయిన ఆదివారం అడ్డం పన్నెండు: "రెండు సోలలు." రెండక్షరాలు. ఒక వయసంతా బియ్యం సోలతోనూ తవ్వతోనూ కొలిచి పోసిన మనిషి. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "మానిక కాదు... మానికకి సగం... అబ్బా" అని కళ్ళు మూసుకుంది. నిలువు దాంట్లోంచి మొదటి గడిలో 'త' వచ్చి ఉంది, నాకు తెలిసిపోయింది. చెప్పలేదు. "ఉండనీరా, నేను చెప్తాగా" అంది.

మంగళవారం పొద్దున్న స్టాండప్ మీటింగులో ఉండగా ఫోన్ మోగింది. ఆవిడ ఆ టైములో ఎప్పుడూ చెయ్యదు. గుండె జారి, మ్యూటు నొక్కి ఎత్తాను.

"తవ్వ" అంది. పెట్టేసింది.

అంతకు ముందు వారంది నిలువు ఏడు మాత్రం ఇంకా రాలేదు. ఆ పేజీ పారెయ్యకుండా ఉంచాను.